పిలిచే కౌజు

ఈ అరబ్బు దేశంలో, అల్ సద్‌లో నేను పనిచేసే ఇంటికి మేడం కొడుకు నిన్న పంజరంలో ఒక కౌజు పిట్టను తెచ్చాడు. పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తుంటే అది కూసింది. నా చేతులు ఆగిపోయాయి.

చేలల్లో చెనిక్కాయ పంట పీకేసిన రోజుల్లో మా అబ్బ, అంటే నాయన వాళ్ల నాయన, కౌజుల వేటకు నన్ను వెంట తీసుకుపోయేవాడు. ఊరి బీడులో ఎవరినీ అడిగే పని లేదు. పట్టా చేనయితే మాత్రం ఆసామిని అడిగాకే గట్టు దాటేవాడు. పెంపుడు కౌజు ఉన్న బుట్టను పొద పక్కన పెట్టి, చుట్టూ ఉచ్చులు పన్నేవాడు. అది కూస్తే దూరం నుంచి ఇంకో కౌజు బదులు పలికేది.

"అబ్బా, ఆడుకుందాం రమ్మని పిలుచ్చాందా?" అన్నాను సంబరంగా.

అంతలో ఉరుక్కుంటూ వచ్చిన పిట్ట కాలికి ఉచ్చు బిగుసుకుంది. బుట్టలోని పిట్టే మోసం చేసిందని ఏడ్చాను.

"దానికేం తెలుసు పాపా? దాని దిగులుకు అది కూచ్చాది" అన్నాడు అబ్బ.

మధ్యాహ్నం ఊరి నుంచి చెల్లెలు వాయిస్ మెసేజ్ పెట్టింది. "అక్కా, ఆడ ఎట్లుంది? నేనూ వచ్చేదా?"

"బాగుందే, వచ్చేయ్. నువ్వుంటే నాకూ పొద్దు పోతాది" అని రికార్డు చేశాను. పెరట్లో కౌజు మళ్లీ కూసింది.

ఆ మెసేజ్ పంపకుండా చెరిపేశాను. నేను తెల్లారుజామున నాలుగింటికి లేచే దగ్గర్నుంచి మొదలుపెట్టి, చెల్లెలికి ఉన్నదున్నట్టు చెప్పాను.