బొగ్గు పట్టుకోని గాలి

పిన్ని ఫోన్ చేసేసరికి నేను విశాఖపట్నంలో, మా ల్యాబులో కొలిమి ముందు నిలబడి ఉన్నాను. ఉదయం పదకొండు దాటింది. మూడు రోజులుగా ముసురు పట్టి ఉంది.

"నీ మాస్కు బాగుందే అమ్మీ," అంది. "గాటే తెలవట్లేదు. తలుపులేసుకుని కూకున్నా ఏటీ అవట్లేదు."

"తలుపులెందుకేసుకున్నారు?"

"వానకి పప్పు మెత్తబడిపోతంది కదా. పొర ఊడట్లేదని లోపల జీడితొక్కలేసి బొగ్గుల డ్రమ్మెట్టేరు. ఎచ్చగా ఉంది." కాస్త ఆగింది. "తల మాత్రం దిమ్ముగా ఉందే. పొద్దున్నుంచి ఇద్దరికి వాంతులు. తిన్నది పడలేదేమో."

పిన్ని మా అమ్మకి చెల్లెలు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. నర్సీపట్నం నుంచి రోలుగుంట వెళ్లే రోడ్డు మీద ఒక చిన్న జీడిపిక్కల షెడ్డులో ఎన్నో ఏళ్లుగా పప్పు మీది పొర తీస్తోంది. ఆ షెడ్డు వెనక గుట్టగా పడి ఉండే జీడి తొక్కలే నన్ను పరిశోధనలోకి లాక్కొచ్చాయి. వాటిని గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేసి, ఆవిరితో శుద్ధి చేస్తే, ఆ బొగ్గులో కంటికి కనబడని రంధ్రాలు లెక్కలేనన్ని ఏర్పడతాయి. గాలిలోని విషవాయువులు ఆ రంధ్రాల గోడలకి అంటుకుని ఉండిపోతాయి. అధిశోషణం అంటాం దాన్ని. నీళ్లు గుడ్డలోకి ఇంకినట్టు కాదు, బల్లి గోడని కరుచుకున్నట్టు.

అంతకు నెల ముందు ఇంటికి వెళ్లినప్పుడు, రెండు గుడ్డల మధ్య ఆ బొగ్గు పొడి పోసి మాస్కులు కుట్టాను. షెడ్డులో ఆడవాళ్లందరికీ తలా ఒకటి ఇచ్చాను. జీడి తొక్క కాలితే వచ్చే పొగ ఘాటు అంతా ఇంతా కాదు. కళ్లు మండి, గొంతు పట్టేసి, వాళ్లే లేచి బయటికి పోయేవారు. కాసేపు చూరు కింద నిలబడి దగ్గి, మళ్లీ వచ్చి కూర్చునేవారు. మాస్కు వచ్చాక లేవాల్సిన అవసరం లేకపోయింది. వాళ్లు మాస్కులతో వరసగా కూర్చున్న ఫొటో తీసుకెళ్లి మా గైడుగారికి చూపించాను కూడా. ఆరోజు నాకెంత గర్వమో.

నాకు తెలిసిన సంగతి ఒకటుంది. మామూలు బొగ్గు జీడినూనె ఘాటుని పట్టుకుంటుంది. కార్బన్ మోనాక్సైడుని పట్టుకోలేదు. ఆ వాయువు దాని మీద నిలవదు, జారిపోతుంది. దాన్ని నిలబెట్టడానికే నేను ల్యాబులో బొగ్గుకి రాగి లవణం పట్టిస్తున్నాను, నా పరిశోధనంతా అదే. మాస్కులో రాగి లేదు. కుట్టేటప్పుడు నేను ఘాటు గురించే ఆలోచించాను. మూసిన గదిలో నిప్పులు పెడతారని ఊహించలేదు. ఊహించాల్సింది.

"పిన్నీ, తలుపులు తియ్యి. అందరూ బయటికి పోండి. ఇప్పుడే."

"ఏటే అంత కంగారు? వాసనేటీ లేదు కదా?"

"దానికి వాసనుండదు పిన్నీ. తియ్యి బేగి."

ఏదో అనబోయింది. ఫోన్ కట్టయింది. మళ్లీ చేశాను. మోగింది, మోగింది, ఎత్తలేదు. షెడ్డు యజమానికి చేస్తే ఆయన సరుకు పంపడానికి యలమంచిలి స్టేషనుకి వెళ్లి ఉన్నాడు. "ఎదురుగా టీ కొట్టామె ఉంది, ఆవిడికి సెప్తానమ్మా," అన్నాడు. కొలిమి ఆపానో లేదో గుర్తు లేదు. కనబడిన ఆటో ఎక్కి ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్లి నర్సీపట్నం బస్సు పట్టుకున్నాను.

అనకాపల్లి దాకా వాన. కిటికీలన్నీ దించేశారు. నేను నా పక్కది పైకెత్తితే వెనక సీటాయన, "తడిసిపోతన్నామమ్మా," అన్నాడు. దించాను. ఆ డ్రమ్ము ఎప్పుడు పెట్టి ఉంటారు, పిన్ని దానికి ఎంత దూరంలో కూర్చుంటుంది, తలుపు ఏ వైపు, ఇవే తిరుగుతున్నాయి బుర్రలో. చిన్నప్పటి నుంచి ఆదివారం పిన్ని పక్కన కూర్చుని చెప్పిన ప్రార్థన మొదలుపెట్టాను. రెండో మాట తర్వాత ఏముందో తోచలేదు.

తాళ్లపాలెం దగ్గర బస్సు మలుపు తిరుగుతుండగా తెలియని నంబరు నుంచి ఫోను. టీ కొట్టామె.

"మీ పిన్ని తలుపు తీస్తా తీస్తా పడిపోనాదమ్మా. మిగతావోళ్లు బయటికొచ్చీసేరు. ఆటోలో ఆస్పత్రికి తీసుకొచ్చేం."

"మాట్లాడుతోందా?"

"కళ్లు తెరస్తంది. మాట ముద్దగా వస్తంది."

మాకవరపాలెం దాటి నర్సీపట్నం చేరేదాకా ఆ 'ముద్దగా' అన్న మాటే పట్టుకుని కూర్చున్నాను.

ఆస్పత్రిలో పిన్ని మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. వేలికి క్లిప్పు పెట్టి ఉంది. తొంభై ఎనిమిది చూపిస్తోంది. "ఆక్సిజన్ బాగానే ఉందండి. నీరసమేమో. డాక్టరుగారు వస్తున్నారు," అంది నర్సు. రక్తంలో ఆక్సిజన్ ఉందో, దాని చోట మోనాక్సైడు చేరిందో ఆ క్లిప్పుకి తేడా తెలియదు. రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది.

డాక్టరు నా వయసావిడే. ఆవిడ గుమ్మంలో అడుగు పెడుతుండగానే చెప్పాను. "మూసిన గదిలో బొగ్గులండీ. పొద్దుటి నుంచి."

ఆవిడ క్లిప్పు వైపు చూడనైనా లేదు. "ఇంకెంతమంది ఉన్నారు గదిలో?" అని అడిగింది. పిన్నికి ఆక్సిజన్ పెట్టించి, వాంతులైన ఇద్దరినీ పిలిపించి వాళ్లకీ పెట్టించింది. తక్కినవాళ్లనీ వచ్చి చూపించుకోమని కబురు పంపింది.

చీకటి పడకముందే పిన్ని నన్ను గుర్తుపట్టి, "నీ మాస్కు ఎక్కడో పడిపోనాదే," అంది. అదే ఆవిడ బెంగ.

అప్పుడు చెప్పాను. అది ఘాటుని ఆపుతుందే గానీ ఈ వాయువుని ఆపదని, ఘాటు తెలిసి ఉంటే మీరు ఎప్పుడో లేచి బయటికి వెళ్లేవాళ్లని, నాకది తెలిసీ చెప్పలేదని.

"మరి ముందే సెప్పాల కదే," అంది పిన్ని.

తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

రెండు రోజులాగి షెడ్డుకి వెళ్లి అందరికీ అదే చెప్పాను. వాళ్లలో పెద్దావిడ మాస్కు చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"అయితే ఇది మంచిదా సెడ్డదా అమ్మా?"

"ఘాటుకి మంచిది. ఆ గాలికి పనికిరాదు."

"ఆ గాలికి వాసన లేదు, రంగు లేదు. మరెలా తెలుసుద్ది మాకు?"

మాస్కులన్నీ వెనక్కి తీసుకున్నాను. యజమాని గోడకి రెండు చోట్ల కన్నాలు కొట్టించి జాలీ పెట్టించాడు. నిప్పుల డ్రమ్ము బయటికి వెళ్లింది, వేడిగాలి మాత్రమే గొట్టంలో లోపలికి వచ్చే ఏర్పాటు చేశారు. మోనాక్సైడు పెరిగితే కూత పెట్టే చిన్న పెట్టె ఒకటి తెప్పించి, నేనే గోడకి బిగించాను.

ల్యాబుకి తిరిగి వెళ్లాక, రాగి పట్టించిన నా బొగ్గుని ఆ షెడ్డు గాలి లాంటి తడిగాలిలో పెట్టి చూశాను. అప్పటిదాకా పొడి వాయువులోనే పరీక్షించేదాన్ని, లెక్కలు అందంగా వచ్చేవి. తడిగాలిలో రాగి మారిపోయింది, పట్టు వదిలేసింది. మాస్కులో రాగి ఉండి ఉన్నా పిన్నిని అది కాపాడేది కాదు. ఆ కాగితాలు చూసి మా గైడుగారు, "ఇదీ రాయమ్మా. పని చెయ్యనిది కూడా రాయాలి," అన్నారు. థీసిస్‌లో అది ఒక అధ్యాయమైంది.

పిన్ని పూర్తిగా తేరుకోవడానికి రెండు నెలలు పట్టింది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. వీధి తలుపు దగ్గరికి వెళ్లి ఎందుకొచ్చానా అని నిలబడేది. మెల్లగా అదీ పోయింది.

ఇప్పుడు నేను నర్సీపట్నంలోనే కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. మొన్నటి వానాకాలం, క్లాసు మధ్యలో పిన్ని ఫోన్ చేసింది. పాఠం ఆపి ఎత్తాను.

"ఆ పెట్టె కూసిందే," అంది. "గొట్టం ఎక్కడో ఊడిందంట. అందరం బయటికొచ్చీసేం. వానలో నిలబడున్నాం."

"నీకెలా ఉంది? తల దిమ్ముగా ఉందా?"

"ఏటీ లేదు. తడిసిపోతన్నాం, అంతే. నువ్వు పాఠం సెప్పుకో."

వెనక ఆడవాళ్ల నవ్వులు, రేకుల మీద వాన చప్పుడు వినిపించాయి. పిల్లలకి పని ఒకటి అప్పజెప్పి, స్కూటీ తీసుకుని షెడ్డుకి వెళ్లాను.