డోలక్ అక్కర్లేని పాటలు

పలాసలో జీడిపిక్కలు కొట్టే కార్ఖానాలో పనిచేసే ఆడపిల్లలం నలుగురం కలిసి పాటల జట్టు కట్టాం. ముందుండి పాడేది అక్క, మా పెద్దమ్మ కూతురు. డోలక్ నాది. ఉద్దానం ఊళ్లలో అమ్మవారి సంబరాలకి మమ్మల్ని పిలిచేవారు. మేం పాట ఎత్తుకుంటే ముసలివాళ్లు కూడా కాలు కదిపేవారు. ఆ గొప్పంతా నా డోలక్‌దేనని నాకు గట్టి నమ్మకం.

టీవీలో పట్నం అమ్మాయిలు నలుగురు పాడే జట్టొకటి వచ్చేది. వాళ్లని చూసే మేం ఒకే రంగు పంజాబీ డ్రెస్సులు కుట్టించుకున్నాం. వాళ్ల కొత్త క్యాసెట్ రాగానే అక్క కొని తెచ్చింది. విని నా ప్రాణం ఉసూరుమంది. అప్పటిదాకా గంతులేసిన పిల్లలు, ఎవరినో జోకొడుతున్నట్టు గొంతులు తగ్గించేశారు. వెనక దరువే లేదు. వీళ్లకేం పోయేకాలమొచ్చిందో అనుకున్నాను.

"మనవూ ఇకమీద ఇలాగే పాడదాం" అంది అక్క.

"మరి నేనేటి సెయ్యాల?"

"నువ్వూ పాడు. గొంతుంది కదేటి!"

వాయించేదాన్ని పాడమంటే పొమ్మనడమే కదా. ఆ మాట అన్నప్పుడు నా మొహం చూడలేదు, చేతులవైపు చూసింది. అదీ గుర్తుపెట్టుకున్నాను. పైగా ఈమధ్య ప్రోగ్రాం అవగానే డోలక్‌ని పాతచీరలో చుట్టి తనింటికి పట్టుకుపోయి, మర్నాడు తెచ్చి ఇస్తోంది. నా చోటుకి ఇంకెవరినో తయారుచేస్తోందని తేల్చేసుకున్నాను.

భావనపాడు సంబరంలో మొదటిసారి ఆ నెమ్మది పాటలు పాడారు. చేపలమ్మే ఆడవాళ్లు కదలకుండా విన్నారు. ఒకావిడ కళ్లొత్తుకుంది. నేను డోలక్ ఒళ్లో పెట్టుకుని దిష్టిబొమ్మలా కూర్చున్నాను. ఒళ్లు మండిపోయింది.

మర్నాడే పెద్దమ్మ దగ్గరకెళ్లి, "అక్క అలాటి పాటలు ఊరికే పాడతందా? ఎవుడో ఉన్నాడు" అన్నాను. నేను ఎవణ్నీ చూడలేదు. పెద్దమ్మ అంతకంటే అడగలేదు. అక్క చేత పాటలు మాన్పించేసింది. కార్ఖానాకి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కూతురి వెంట తనే నడిచేది.

వారం తిరక్కుండా అక్క డోలక్ తెచ్చి మా అరుగు మీద పెట్టింది.

"ఇదిగో. ఇకమీద మరకలు నువ్వే తుడుసుకో."

"ఏటి మరకలు?"

"నీ నెత్తురే. జీడి సెమురుకి సేతులు సిట్లిపోనాయి, సూసుకోవా? వాయించొద్దంటే వింతావా నువ్వు? అందుకే పాటలే మార్సీసినాను."

పిక్కల్లోంచి కారే చమురు చర్మాన్ని తినెయ్యకుండా, కొట్టేముందు చేతులకి ఆముదం, బూడిద పట్టించుకోవాలి. జిడ్డు వదలక డోలక్ మీద వేళ్లు జారుతున్నాయని నేను మానేశాను. చేతులు మండినా కార్ఖానాలో అందరికీ ఉండేదేలే అనుకున్నాను. డోలక్ తోలు మీద ఎప్పుడైనా ఎర్రగా కనిపిస్తే అమ్మవారి కుంకుమనుకునేదాన్ని. సిగ్గుతో చచ్చిపోయాను.

పరుగున పెద్దమ్మ దగ్గరకెళ్లి, "అబద్ధం ఆడీసినాను, అక్కకి ఎవుడూ లేడు" అని ఏడ్చాను. చేతులు రెండూ చాపి చూపించాను, అక్క పాటలెందుకు మార్చిందో చెప్పాను. పెద్దమ్మ నా చేతులు చూసింది, తర్వాత నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"ఇలా సెప్పమని అదే పంపిందేటే నిన్ను?" అంది.