డాక్టర్ సాబ్‌ను సతాయించొద్దు

డెబ్భైల మొదట్లో మా ఆయనకు ఫ్యాక్టరీలో ఉద్యోగం రాగానే, కృష్ణా జిల్లా నుంచి ట్రంకు పెట్టె, ఆవకాయ జాడీతో సహా పటాన్‌చెరుకు అవతల ఓ చిన్న ఊళ్లో దిగాం. మాకు గది కిరాయికిచ్చిన ఇంటావిడ ఆ ఊరికి పెద్ద దిక్కు. ఆవిడ మాట సగం నాకు అర్థమయ్యేది కాదు, నా మాట వింటే ఆవిడకు నవ్వాగేది కాదు. అలా ఇద్దరికీ భలే కుదిరింది.

మా గదికి ఎదురుగానే సర్కారు దవాఖానా. దవాఖానా ఉందిగానీ డాక్టర్లు నిలిచేవారు కాదట. వచ్చినవాళ్లు వచ్చినట్టే మూణ్ణెల్లలో బదిలీ చేయించుకుని పట్నం పోయేవారు. మేం వెళ్లిన కొత్తలో, చాన్నాళ్లకు మళ్లీ ఓ కుర్ర డాక్టరు వచ్చాడు. ఆ రోజే ఇంటావిడ అరుగు మీద పంచాయితీ పెట్టింది.

"ముందటి ఇద్దరిని మనమే సతాయించి తోలినం. తుమ్మితే పోవుడు, దగ్గితే పోవుడు. బువ్వ తినెటప్పుడు గూడ ఇడువలే. ఇగ పానం మీదికొస్తెనే పోవాలె. ఈ సారును మంచిగ సూస్కోవాలె."

ఊరంతా తలూపింది. దగ్గుల్ని శొంఠికి, జ్వరాల్ని మిరియాల కషాయానికి అప్పజెప్పారు. డాక్టరుకు మాత్రం పూటకో ఇంటి నుంచి జొన్నరొట్టెలు, పెరుగు, వంకాయ కూర వెళ్లేవి. అతను తిని, వరండాలో కుర్చీ వేసుకుని, పేపరును టెండరు ప్రకటనలతో సహా చదివేసి మళ్లీ మొదటి నుంచి అందుకునేవాడు. "సారు మస్తు కుషీగున్నడు, ఇగ యాడికి పోడు" అని ఇంటావిడ మురిసిపోయేది.

ఈలోగా నాకు ఏడో నెల వచ్చింది. పాదాలు వాచి చెప్పులు పట్టడం మానేశాయి. రోజూ తలనొప్పి. వెళ్లి చూపించుకోనా అని ఇంటావిడను అడిగాను.

"కడుపుతోని ఉన్నంక కాళ్లు ఉబ్బవా బిడ్డా? గింత దానికి సారును పరేషాన్ చేస్తమా?"

ఆవిడ ఐదుగురిని కన్న మనిషి. నాకేమో తొలిచూలు, చెప్పుకోవడానికి అమ్మ లేదు. నోరు మూసుకున్నానుగానీ, బిడ్డకేమవుతుందోనని లోపల ఒకటే బెంగ.

ఒక సాయంత్రం డాక్టరే మా అరుగు దగ్గరికి వచ్చాడు. "వెళ్లొస్తానమ్మా. రోజుకు నలుగురు కూడా రాని చోట డాక్టరెందుకని నన్ను జోగిపేట వైపు వేశారు" అని కాస్త ఆగి, "నా హస్తవాసి మీద మీకు నమ్మకం కుదరలేదేమో" అన్నాడు. అతను అటు వెళ్లగానే ఇంటావిడ కొంగు బిగించి ఇల్లిల్లూ తిరిగింది.

తెల్లారేసరికి దవాఖానా ముందు ఊరంతా బారులు తీరింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. అందరికంటే ముందు ఇంటావిడ నిలబడింది.

"రాయి సారూ, నా పేరు రాయి. దగ్గు రాయి. నడుము నొస్తది, అది గూడ రాయి. కాయితంల ఇంక జాగ ఉంటే నువ్వే ఏదన్న మంచి రోగం సూసి రాయి!"

సంగతి అర్థమైన డాక్టరు నవ్వాపుకోలేక నానా తిప్పలు పడ్డాడు.

ఒక పేరు కలుస్తుందని నన్నూ వరసలో నిలబెట్టారు. అతను నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూశాడు. మళ్లీ చూశాడు. మొహంలో నవ్వు పోయింది.

"ఈ వాపు ఎన్నాళ్ల నుంచి?"

"నెల దాటిందండీ."

"ఎదురుగానే ఉన్నాను కదమ్మా! ఒక్కసారి రావచ్చు కదా!" అని కోప్పడ్డాడు.

గంటలో ఓ లారీ ఆపి, ముందు సీట్లో కూర్చోబెట్టి, నన్ను సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నెల రోజులు అక్కడే మంచం మీద ఉంచారు. మా అమ్మాయి పిడికెడంత పుట్టింది, ఏడుపు మాత్రం ఆసుపత్రంతా వినపడింది.

డాక్టరు బదిలీ ఆగలేదు. ఒక్కరోజు బారును పైవాళ్లు ఏం లెక్క చేస్తారు? జోగిపేట వెళ్తూ అతను దారిలో పెట్టెతో సహా బస్సు దిగి, ఆసుపత్రిలో నన్ను చూసి వెళ్లాడు. "మంచి సారును నేనే తోలిన బిడ్డా" అని నాకు తోడున్న ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. నోరు మూసుకున్నందుకు నా మీద నాకే వచ్చింది.

ఊరికి మళ్లీ డాక్టరు వచ్చేసరికి మా అమ్మాయి బడికి వెళ్తోంది. ఆ పొద్దున పిల్లను మధ్యలో పెట్టుకుని, ఇంటావిడా నేనూ అందరికంటే ముందు వెళ్లి నిలబడ్డాం.

"ఏమైంది?" అన్నాడు కొత్త డాక్టరు.

"ఏం కాలే సారూ" అంది ఇంటావిడ. "ముగ్గురి పేర్లు రాయి."