అడవికి పోయొచ్చిన చాచా ఓవర్‌కోటు

ఆ రోజుల్లో సికింద్రాబాదుకు చలికాలం వచ్చేది గాని, దానికని వేరే బట్టలు మా ఇళ్లలో ఉండేవి కావు. ఉన్న రెండు చొక్కాలూ ఒకదాని మీద ఒకటి తొడుక్కుంటే అదే స్వెటరు, రాత్రి కప్పుకున్న దుప్పటితోనే వీధిలోకి వస్తే అదే శాలువా. అంతకు మించి చలి పెడితే ఎండలోకి పోయి నిలబడేవాళ్లం. ఇప్పుడు మా మనవలు చలికాలంలో జీపెక్కి పులుల్ని చూడటానికి అడవికి పోతూ, తలకొకటి, చెవులకొకటి, మెడకొకటి అని విడివిడిగా కొనుక్కొచ్చి పెట్టె సర్దుకుంటుంటే నాకు నవ్వు వస్తుంది. నవ్వుతాను గాని ఏమీ అనను. ఈ విషయంలో నా చరిత్ర అంత గొప్పది కాదు.

పోలీస్ యాక్షన్ అయి నిజాం రాజ్యం పోయిన వెంటనే వచ్చిన చలికాలం అది. నాకు ఇరవై ఏళ్లు. ఇల్లు రెజిమెంటల్ బజార్లో, గుమాస్తా పని రాంగోపాల్‌పేటలో ఒక ఆఫీసులో. ఆ ఆఫీసుకు మద్రాసు నుంచి కొత్త దొర వచ్చాడు. ఆయనకు జంతువులంటే పిచ్చి. తుపాకీ ముట్టుకునేవాడు కాదు, మెడలో కెమెరా వేసుకుని ఎక్కడ అడవి ఉంటే అక్కడికి పోయేవాడు. పుష్యమాసంలో ఆదిలాబాదు వైపు అడవిలో మూడు రోజులు ఉండి రావాలని బుద్ధి పుట్టింది. ఆయనకు ఉర్దూ రాదు, మా తెలుగు సరిగా అందదు (మేం మాట్లాడుకుంటుంటే ఆయన ముఖం లెక్కల పరీక్ష రాస్తున్న పిల్లవాడి ముఖంలా ఉండేది). అందుకని మాట అందించడానికి నన్ను రమ్మన్నాడు. అక్కడ తెల్లవారుజామున వేళ్లు కొంకర్లు పోతాయి, వెచ్చటి బట్టలు దండిగా తెచ్చుకోవోయ్ అన్నాడు. నేను దర్జాగా తలూపాను. లేవని చెప్పడానికి సిగ్గేసింది.

ఇంటికొచ్చి చెప్పగానే మా అమ్మ నన్ను యుద్ధానికి పంపుతున్నట్టు మొదలుపెట్టింది. మేనమామ ఇంటి నుంచి మంకీ టోపీ వచ్చింది. పక్కింటి రైల్వే ఆయన మఫ్లరు వచ్చింది. రెండు జతల మేజోళ్లు దొరికాయి (జత అంటే మర్యాదకు అనడమే, ఒకటి నల్లది, ఒకటి బూడిదరంగుది). చేతి తొడుగులు ఎక్కడా లేకపోయేసరికి రెండో జత చేతులకు తొడుక్కొమ్మంది. ఎంత పోగేసినా పైన వేసుకోవడానికి కోటు లేదు. మా వీధి మొత్తానికి కోటంటే ఎదురింటి చాచా దగ్గర ఉన్నదొక్కటే.

చాచాది రఫూ పని. కాలిన, చిరిగిన బట్టను అదే బట్టలోంచి లాగిన దారంతో, మళ్లీ నేసినట్టు కలిపేసేవాడు. ఒకప్పుడు దండులో ఉన్న ఒక తెల్లదొర చుట్ట నిప్పుతో తన ఉన్ని ఓవర్‌కోటుకు రూపాయి బిళ్లంత కంత పెట్టుకుని ఆయన దగ్గరికి తెచ్చాడు. చాచా రఫూ చేసి ఇస్తే ఆ కంత ఎక్కడుండేదో కాల్చుకున్న దొరకే అంతు చిక్కలేదు. ఆయన దేశం విడిచిపోతూ ఆ కోటు చాచాకే ఇచ్చిపోయాడు. చాచా దాన్ని దుకాణంలో వేలాడదీసి, వచ్చినవాళ్లందరితోనూ "రఫూ యాడుందో దొర్కవట్టు, చాయ్ తాపిస్త" అని పందెం వేసేవాడు. నేను నిక్కర్లు వేసుకునే రోజుల నుంచీ వెతికాను. ఆ చాయ్ తాగినవాడు ఎవడూ లేడు.

అయితే పోలీస్ యాక్షన్ అయినప్పటి నుంచీ, ఆ నాలుగు నెలలుగా చాచా ఇంటి తలుపు ఓరగానే ఉండేది. దుకాణం ఒక రెక్కే తెరిచేవాడు. మా రెండిళ్లకూ పడకపోవడమేమీ లేదు. ఊళ్లో ఏవేవో వార్తలు, ఎవరు ఏమంటారో అన్న భయం. అలా మాట ఆగింది. ఆగిన మాటను మళ్లీ ఎవరు ఎత్తాలో తెలియక, ఒకరికొకరు ఎదురైతే తల దించుకుని పోయేవాళ్లం. ఇప్పటికీ ఆ నెలలు తలచుకుంటే నాకు సిగ్గుగానే ఉంటుంది. అలాంటప్పుడు మా అమ్మ కొంగు నడుముకు చెక్కి, వీధి దాటి, వాళ్ల గుమ్మంలో నిలబడి, పిల్లగాడు అడవికి పోతున్నాడు కోటు కావాలని అడిగేసింది. చాలాసేపటికి కోటు పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"గిది ఉత్త బట్ట గాదు కొడుకా" అంది నా చేతిలో పెట్టి. "నాలుగు నెల్లకు ఆ ఇంట్లకెళ్లి మనింటికి వచ్చింది. ఎట్ల పోతున్నదో గట్లనే తిరిగి రావాలె."

మా బజారులో ఒక ఆచారం ఉండేది. అరువు ఇచ్చే గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు, తిరిగి ఇచ్చేటప్పుడూ ఖాళీగా పోకూడదు. చక్కెరో, రెండు ఖర్జూరాలో, ఏదో ఒకటి అందులో ఉండాలి. కోటుకు జేబులుంటాయి కనుక అదీ గిన్నె కిందే లెక్క. అడవిలో పురుగూ పుట్రా ఉంటాయని చాచీ ఒక జేబు నిండా బట్టల పెట్టెల్లో వేసే కలరా ఉండలు పోసి పంపింది. రెండో జేబు బోసిగా ఉందేమని మా అమ్మ దాని నిండా నువ్వుల ఉండలు కుక్కింది. రైల్లో నా పెట్టెలో అందరూ లేచి పక్క పెట్టెలోకి పోయారు. నేను హాయిగా కాళ్లు చాపుకుని పడుకున్నాను, దొరగారి గుమాస్తానని మర్యాద ఇస్తున్నారనుకుని.

మర్నాడు తెల్లవారుజామున నీటి మడుగు దగ్గర మంచె ఎక్కాలి. వేసుకున్నవన్నీ వేసుకున్నాక నాకు మోకాలు వంగలేదు. నిచ్చెన మీద సగంలో ఆగిపోతే దొరే కింది నుంచి భుజం పెట్టి తోశాడు. ఆయన మటుకు పలుచటి ఖాకీ కోటు ఒక్కటే వేసుకుని వచ్చి గడగడ వణుకుతున్నాడు. జాలిపడి ఒక నువ్వుల ఉండ ఇచ్చాను. నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలి, మీ ఇంట్లో ఇందులో కర్పూరం వేస్తారా అని అడిగాడు. గంట గడిచింది. మడుగుకు ఒక్క పిట్ట కూడా రాలేదు. మాకు దారి చూపిన అడవి ముసలాయన ముక్కు ఎగబీల్చి, నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"దొరకు చెప్పు బిడ్డా. పులి సంగతి తర్వాత, నీ కోటు వాసనకు నేనే ఉండలేకపోతున్న."

గాలి అనుకూలంగా లేదంటున్నాడని దొరకు మార్చి చెప్పాను. "గాలి కాదోయ్, నువ్వే" అన్నాడు దొర.

కోటు విప్పక తప్పలేదు. కనపడేంత దూరంలోనే పెట్టమని నేను బతిమాలితే, ముసలాయన దాన్ని గాలి వాటానికి అవతల ఒక ఇప్పచెట్టు కొమ్మకు తగిలించి వచ్చాడు. ఇక చలి మా ఇద్దరినీ సమానంగా పట్టుకుంది. మఫ్లరు ఒక కొస దొర మెడకు, ఇంకో కొస నా మెడకు చుట్టుకుని కూర్చున్నాం. కాస్త వెలుగు వచ్చేసరికి పొదల్లోంచి ఒక ఎలుగుబంటి వచ్చింది. మడుగు వైపు చూడనైనా చూడకుండా తిన్నగా ఇప్పచెట్టు దగ్గరికి పోయి, రెండు కాళ్ల మీద లేచి, మా అమ్మ నింపిన జేబులోనే మూతి పెట్టింది. దొర పట్టలేని సంతోషంతో కెమెరా నొక్కుతున్నాడు. నాకు మతి పోయింది. "ఓయ్, అది చాచా కోటు" అని ఎలుగుబంటికి అరిచి చెప్పాను. దొర, మేజోడు తొడిగిన నా చెయ్యే పట్టి నా నోటికి అడ్డం పెట్టాడు. ఈలోపు అది రెండో జేబు కూడా చూద్దామనుకుంది కాబోలు, మూతి పెట్టి ఒక్క తుమ్ము తుమ్మి పారిపోయింది. పోతూ పోతూ గోరు తగిలించి, నువ్వుల జేబు నుంచి కింది దాకా మూరెడు చీల్చింది. ఇలాంటి ఫొటో ఈ జన్మలో తీయలేదని దొర నా వీపు తట్టాడు. నాకు అమ్మ మాట ఒక్కటే చెవుల్లో ఉంది.

ఇంటికొచ్చి కోటును నవారు మంచం కింద దాచాను. ఎప్పుడిస్తావురా అని అమ్మ అడిగితే, ఎండకు వేసి ఇద్దామన్నాను. కిటికీలోంచి చాచా దుకాణం తెరిచిన ఒక్క రెక్కా కనపడుతుంటే అన్నం దిగేది కాదు. ఆ ఇంటి నుంచి వచ్చిన మొదటి వస్తువును చించి తీసుకుపోతే వాళ్లేమనుకుంటారు? కావాలనే చేశారనుకుంటే? నాలుగో రోజు దొర ఆఫీసులో ఫొటో చేతిలో పెట్టాడు. మంచె మీద చలికి ఆయన చెయ్యి కదిలి అందులో ఏది కోటో ఏది ఎలుగో తెలియలేదు. దాన్నే మిగిలిన జేబులో పెట్టి (ఖాళీగా ఇవ్వకూడదు కదా), కోటు మడిచి ఒక్కణ్నే వెళ్లాను.

చాచా కళ్లజోడు పెట్టుకుని, చీలిక పొడుగునా వేలితో తడిమాడు. నేను జరిగిందంతా చెప్పాను.

"జేబుల ఏముండె బేటా?" అన్నాడు.

"నువ్వుల ఉండలు చాచా."

"ఎవరు చేసిన్రు?"

"అమ్మ."

"మరి ఎలుగుబంటిది తప్పేమున్నది" అని చాచా నవ్వడం మొదలుపెట్టాడు. నాలుగు నెలలుగా మా వీధిలో వినపడని నవ్వు అది. చాచీ బయటికి వచ్చింది, దారిన పోయేవాళ్లు ఆగారు, ఫొటో చేతులు మారింది. వచ్చినవాళ్లకు చీలిక సరిగా చూపించడానికి వెలుతురు చాలడం లేదని చాచా దుకాణం రెండో రెక్క కూడా తెరిచాడు.

రెండు రోజుల తర్వాత అమ్మా నేనూ పోయి చూస్తే, ఆ నల్ల కోటు మీద ఎర్ర దారంతో రఫూ చేసి ఉంది. వీధి అవతలి నుంచి కూడా కనపడుతోంది. ఇది నీ చెయ్యేనా భయ్యా అని అమ్మ నోరు నొక్కుకుంది.

"తెల్లదొర కాల్చుకున్నది దాచిన. ఇది దాచుడెందుకు చెల్లె?" అన్నాడు చాచా. "మీ ఇంటికి పోయొచ్చిన నిషానీ ఇది. అందరికీ కనవడాలె."

నా పెళ్లికి చాచా ఆ కోటు నాకే ఇచ్చాడు, జేబులో ఖర్జూరాలు పోసి. ఇప్పుడది సైనిక్‌పురిలో మా ఇంట్లో బీరువాలో ఉంది. అడవికి వేసుకుపొమ్మంటే మనవలు వాసన చూసి ముక్కు మూసుకున్నారు. ఎర్ర రఫూ ఎవరికైనా ఇట్టే కనపడుతుంది. తెల్లదొర కాల్చిన చోటి రఫూ కోసం నేను కళ్లజోడు మార్చినప్పుడల్లా కోటు బయటికి తీసి, ఎండలో పరిచి ఒకసారి వెతుకుతాను. దొరికినా చాయ్ తాపించడానికి చాచా లేడు. అది తెలిసీ వెతుకుతుంటాను, దొరక్కపోతే మనసుకు హాయిగా ఉంటుంది.