మామా అల్లుళ్ళ మధ్య ఒక వెనక ఇరుసు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఇద్దరు మంచివాళ్ళని ఒక ఇంట్లో పెడితే వాళ్ళంతట వాళ్ళే కలిసిపోతారని. ఇద్దరూ మొహమాటస్థులైతే ఏళ్ళు గడిచినా కలవరని పెళ్ళయ్యాక గానీ తెలియలేదు. మా ఆయనకి ఉద్యోగం మా ఊరు సాలూరులోనే పడటంతో మా పుట్టింటి మేడమీద గదిలో కాపురం పెట్టాం (ఇల్లరికం అనుకునేరు, ఆయన ముందు ఆ మాట అనకండి). నాన్నది చింతపండు, కొండచీపుర్ల వ్యాపారం. వారం వారం తన పాత జీపులో కొండమీది సంతకి వెళ్ళేవారు. మా ఆయనది టెక్కలి దగ్గర వ్యవసాయ కుటుంబం. నాన్న వరండాలోకి వస్తే ఈయన లేచి నిలబడేవారు. ఈయన నిలబడ్డారని నాన్న లోపలికి వెళ్ళిపోయేవారు. "బాగున్నారా బాబూ?" "బాగున్నానండి మావయ్యగారూ." ఒకే ఇంట్లో ఉంటూ రోజూ ఇదే పలకరింపు.

ఆ ఏడు వానల్లో జీపు సంత దారిలో దిగబడింది. ఒక వెనక చక్రం బురదలో గిరగిరా తిరుగుతుంటే రెండోది అలిగినట్టు కూర్చుందట. చివరికి ఎడ్లు కట్టి లాగించారు. నాన్న ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "ఇంక దీన్ని అమ్మీస్తానమ్మా. దానికీ ఓపిక నేదు, నాకూ నేదు" అన్నారు. నేను స్టీరింగు పట్టడం నేర్చుకున్నది ఆ జీపు మీదే. ప్రాణం ఉసూరుమంది. మేడమీదికి వెళ్ళి చెబితే మా ఆయన కళ్ళు ఒక్కసారిగా వెలిగాయి.

"అమ్మడమేటే! వెనక ఇరుసుకి లాకరు ఎయ్యిస్తే సరి. ఇప్పుడు బలమంతా జారిపోయే సక్రానికే ఎల్పోతన్నాది. లాకరుంటే రెండు సక్రాలూ కలిసే తిరుగుతాయి. బటను నొక్కితే గాలితో పడేది ఉంటాది సూడు, అదీ! మీ నాన్నకి సెప్పు."

"మీరే సెప్పొచ్చు కదా?"

"బాగోదే. అల్లుడొచ్చి బండి ఇప్పమన్నాడనుకుంటారు."

కిందికి దిగి, ఈయన ఫోన్లో వీడియో చూశారని కూడా కలిపి చెప్పాను. నాన్న చీపురుకట్టలు సర్దుతూ విన్నారు. "బటనేటి, గాలేటి? కొండమీద అది పాడైతే ఎవుడు బాగు సేస్తాడు? లిమిటెడ్ స్లిప్పని ఉన్నాది. రెండు సక్రాలకీ కొంత కొంత బలం పంచుతాది, దానికి బటనూ నేదు గొడవా నేదు. ఫోన్లో సూసి బండి ఇప్పీసే రకం కాదు నాను. మీ ఆయనకి సెప్పు."

మేడమెట్లు ఎక్కేసరికి ఆ మాట నా నోట్లో వేరే రూపం ఎత్తింది. "మీ ఆలోసన సాలా బాగుందన్నారు నాన్న. గాలి పంపే ఆ కంప్రెసరు గురించే కాస్త బెంగట." దానికి మా ఆయన, "పాతకాలం మడిసి! సగం సగం పని సేసేదానికి అంత బండీ ఇప్పడమెందుకు?" అన్నారు. అది కిందికి దిగేసరికి, "మీ అనుభవం ముందు నాకేటి తెల్సు అన్నారు నాన్నా" అయింది. (చేతిలో కాఫీ గ్లాసు ఉంటే ఇలాంటివి ఇంకా సాఫీగా వస్తాయి.) అలా ఎక్కుతూ దిగుతూ నేనో చిన్నపాటి మెకానిక్కునైపోయాను.

వంటింట్లో అమ్మ ఓసారి అడిగింది. "ఏ లాకరే? బంగారం పెట్టీదా?"

"కాదమ్మా, రెండు సక్రాల్నీ కలిపి బిగించీది."

"అలగ బిగించీస్తే రోడ్డు మీద మలుపెలగ తిరుగుతాదే?"

"బటనుదైతే రోడ్డెక్కగానే తీసీయొచ్చు."

"మరైతే బటనుదే మంచిది కదేటి" అని అమ్మ పోపులో పడిపోయింది. ఆవిడ అభిప్రాయం ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ ఎవరికీ చేరవెయ్యలేదు.

ఒక ఆదివారం మెకానిక్కు నుంచి ఫోను. ఊళ్ళో అందరూ గేర్ల మావ అంటారు ఆయన్ని. "అమ్మా, పొద్దున్న మీ ఆయనొచ్చి లిమిటెడ్ స్లిప్పు తెప్పించమన్నారు. ఇప్పుడు మీ నాన్నొచ్చి బటను లాకరు తెప్పించమంటన్నారు. రెండూ ఒక ఇరుసులో పట్టవమ్మా. బేగి రండి."

మా ఆయన్ని వెంటబెట్టుకుని షెడ్డుకి పరిగెత్తాను. నాన్న అక్కడే ఉన్నారు.

"అదేటి బాబూ, మీకు బటనుదే కదా ఇష్టం? మీ మాటే కానీమన్నాను."

"మీకు కంప్రెసరంటే బెంగ కదండీ. అందుకని మీ మాటే కానీమన్నాను."

"నాకు బెంగేటి? ఫోన్లో సూసి బండి ఇప్పీసే రకం కాదని కబురు పెట్టాను."

"నాతో మీ ఆలోసన సాలా బాగుందన్నారని సెప్పిందండి!"

"నాతో మీ అనుభవం ముందు నాకేటి తెల్సు అన్నారని సెప్పింది!"

ఇద్దరూ నావైపు తిరిగారు. నేను పక్కనున్న లారీ టైరుని ఎంతో శ్రద్ధగా చూస్తున్నాను. ముందు నాన్నకే నవ్వొచ్చింది. బానెట్టు పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వుతూనే, "పాతకాలం మడిసన్నాను మావయ్యగారూ, ఏటీ అనుకోకండి" అన్నారు. "ఉన్నమాటే కదా బాబూ. సరే, ఆ వీడియో ఏదో నాకూ సూపించండి."

పాత టైరు మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఫోనులోకి తలలు వంచారు. "గాలి అందకపోతే?" అని నాన్న అడిగితే, "అప్పుడు లాకు పడదు, మామూలు బండిలాగే నడుస్తాది" అన్నారు ఈయన. ఆ జవాబుతో నాన్న మెత్తబడ్డారు. బటనుదే ఖాయమైంది. నేను ఇంటికి వచ్చేశానని ఇద్దరిలో ఒక్కరూ గమనించలేదు.

లాకరు బిగించాక నలుగురం సంతకి బయలుదేరాం. పాత బురద దగ్గర నాన్న జీపు ఆపారు. "నొక్కండి బాబూ." "మీ బండి, మీరే నొక్కండి మావయ్యగారూ." "ముందు ఈ ఆలోసన సెప్పింది మీరు, మీ సేత్తోనే కానీండి." "పెద్దోరు మీరుండగా నానేటండి!" వెనక ఆటో హారను కొడుతోంది. బటను మాత్రం అలాగే ఉంది. వెనక సీట్లో ఒళ్ళో బుట్టతో కూర్చున్న అమ్మ, "ఓలమ్మో, సంత ఎత్తీస్తారు!" అంటూ ఇద్దరి మధ్య నుంచి చెయ్యి పోనిచ్చి టక్కున నొక్కేసింది. జీపు ఒకసారి మూలిగి, నింపాదిగా బురద దాటి గట్టి నేల ఎక్కింది. తర్వాత నాన్న స్టీరింగు నిమురుతూ, "ఉండనీ, అమ్మొద్దులే" అన్నారు.

ఇప్పుడు మేము విజయనగరంలో ఉంటున్నాం. నాన్న ఫోన్ చేస్తే "అమ్మా, బాబున్నారా? ఓపాలి ఇయ్యి" అంటారు. ఆ తర్వాత ఆయిలు, గ్రీజు, బ్రేకులంటూ గంటసేపు. కూతురి క్షేమం అడగడం చాలాసార్లు మరిచిపోతారు. నేను కాస్త మూతి ముడుస్తాను, అంతలోనే మేడమెట్ల మధ్యలో ఆగి మాటలు మార్చుకుంటూ నిలబడ్డ ఆ కొత్త పెళ్ళికూతురు గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఎంత హైరానా పడింది పిచ్చిపిల్ల! మొదటిరోజే ఇద్దర్నీ ఆ షెడ్డుకి పంపేస్తే సరిపోయేది కదా అనిపిస్తుంది. అలా పంపేస్తే మాత్రం, మా నాన్న కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్విన ఆ మధ్యాహ్నం నాకు దక్కేది కాదేమో.