కబ్జాలో ఎవరున్నారు?

మండల ఆఫీసులో నేనిచ్చిన అర్జీలకు ఇప్పటిదాకా ఒక్క జవాబు రాలేదు. నా తర్వాత వచ్చినవాళ్లకు కుర్చీ వేశారు, చాయ్ తెప్పించారు. నన్ను మాత్రం గుమ్మం దగ్గరే నిలబెట్టారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వనపర్తి పక్కన మా ఊళ్లో కబ్జా అనే మాట పొద్దున లేస్తే వినబడుతుంది. బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాల వేస్తే కబ్జా, అరుగు మీద ఒకడే కాళ్లు చాపుకుంటే కబ్జా. ఏటా ఊరి భూముల లెక్క రాసే పహాణీ కాగితంలో మాత్రం కబ్జా అని ఒక గడి ఉంటుంది, ఆ భూమి మీద నిజంగా ఎవరున్నారో అందులో రాస్తారు. ఆ గడిలో పేరు లేనివాడికి, తన చేను ఇంకొకడు దున్నుకుంటున్నా అడిగే నోరుండదు.

వానలు లేని ఆ ఏడు నేను పుణెకు కూలికి పోయాను. చేను బీడు పడితే పక్కవాళ్ల గట్లు జానెడు జానెడు లోపలికి వస్తాయి. అందుకని పోయేముందు, చేన్లో మనిషి ఉన్నట్టు కనబడాలని ఒక దిష్టిబొమ్మ నిలబెట్టి, మా నాయన అంగీ, ధోతి తొడిగి, రుమాలు చుట్టాను. ఆయన పోయి అప్పటికి మూడేళ్లు. చనిపోయినవాళ్ల బట్టలు ఎవరికైనా ఇచ్చేస్తారు, ఇంట్లో ఉంచుకోరు. నేను ఉంచుకున్నాను. తప్పంటే అదొక్కటే నా తప్పు.

ఎండాకాలంలో తిరిగి వచ్చేసరికి గట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. తుమ్మపొదలు కొట్టేసి ఉన్నాయి. చేనంతా దున్ని ఉంది. దిష్టిబొమ్మ కట్టెలు ఎప్పుడో కూలిపోయి, వాటి మీద చెదపుట్ట లేచింది. బట్టలు లేవు.

ఎవరు దున్నారని పక్క చేను ముసలాయన్ని అడిగాను.

“మీ నాయననే. మొన్న పట్వారి సారు వచ్చి కబ్జాల ఎవలున్నరని అడిగితే గదే చెప్పిన.”

“నాయన పాడె నువ్వే మోస్తివి గద, పెద్దయ్యా.”

“మోసిన బిడ్డా. అయితే మాత్రం, కండ్లజూసినంక చూడలేదని ఎట్ల చెప్పాలె?”

పహాణీ తీయించి చూస్తే కబ్జా గడిలో నాయన పేరే ఉంది. ఊరంతా ఇప్పటికీ పట్వారి అనే రెవెన్యూ సారు దగ్గరికి పోయి, ఆయన చనిపోయాడని చెప్పాను.

“అయితే ఖాళీ చేసిపోతున్ననని మీ నాయనతోనే రాయించుక రాపో,” అన్నాడు సారు. గదిలో నలుగురు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

ఇంటికి రాకుండా నేరుగా చేనుకే పోయి సాళ్ల వెంట నడిచాను. మా ఊళ్లో నాగలిని అందరూ కుడికి తిప్పుతారు. నాయన ఒక్కడే ఎడమకు తిప్పేవాడు. ఆ సాళ్లన్నీ ఎడమకే తిరిగి ఉన్నాయి.

అప్పటి నుంచి చేన్లోనే గుడిసె వేసుకుని ఉంటున్నాను. దారిన పోయేవాళ్లు ఆగి పలకరిస్తారు, తలూపుతారు. చూపు మాత్రం నా మీద ఉండదు. నా భుజం దాటి, వెనక్కి ఉంటుంది. తిరిగి చూస్తే ఉత్త నేల.

నేను బతికి ఉన్నాను, నా చేన్లో ఉన్నాను. ఆ గడిలో నా పేరు రాయండి. రాయబోమంటే, ఆ సారు పట్టపగలు నా గట్టు మీదికి రావాలి. వచ్చి, వీళ్లంతా పలకరిస్తున్నది ఎవరినో నా ముఖం మీద చెప్పాలి.