బస్వరాజు గారి బారీ

2023 వానాకాలం. జహీరాబాద్‌లో హైవే పక్కన, ఒక మెడికల్ షాపు పైగదిలో నా క్లినిక్. నేను స్పీచ్ థెరపిస్టుని. మాట రాని పిల్లలకు మాట నేర్పడం, పక్షవాతంతో మాట పోయిన పెద్దవాళ్ళకు దాన్ని వెనక్కి తెప్పించడం నా పని. కిటికీ కింద ముంబై లారీలు హారన్లు కొడుతూనే ఉంటాయి కనుక గొంతు పెంచి మాట్లాడాలి. నాకదేం కష్టం కాదు. మాది గుంటూరు. మా ఆయనకు ట్రాక్టర్ల కంపెనీలో ఉద్యోగమొచ్చి ఇక్కడికి వచ్చాం. నీకు డబ్బులిచ్చేది మాట్లాడినందుకా, మాట్లాడించినందుకా అని ఆయన అడుగుతుంటారు.

ఆ వానల్లో బస్వరాజు గారు వచ్చారు. అల్లం మార్కెట్లో వేలంపాట నడిపే మనిషి. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి బలహీనపడింది, మాట పోయింది. వెంట భార్య అంజమ్మ, ఆమె తమ్ముడు సంగన్న. సంగన్న ఆటోలోనే తీసుకొచ్చాడు.

"మీ పేరేంటండీ?" అన్నాను.

ఆయన ఊపిరి పీల్చుకుని, ఖంగుమనే గొంతుతో "ఒకటోసారి!" అన్నారు.

"ఏ ఊరు?"

"రెండోసారి!"

నవ్వకూడదని పెదవి కొరుక్కున్నాను. సంగన్న మాత్రం ఆపుకోలేదు. "ఇంట్ల గూడ గిదే మేడం. అన్నం పెట్టాల్నా అంటే మూడోసారి అంటడు. పాట అయిపోయిందని అక్క గిన్నె తీసేస్తది."

అంజమ్మ తమ్ముడి వీపు మీద ఒక్కటిచ్చింది. "లగ్గమైన కాన్నుంచి జర నోరు మూస్కో అని మొత్తుకున్న మేడం. ఇప్పుడు నిజంగనే మూతబడ్డది. ఇల్లంత సప్పుడు లేక బుగులైతున్నది," అని కొంగుతో కళ్ళు వత్తుకుంది.

దీన్ని మేం అఫేసియా అంటాం. చెప్పాలనుకున్నది లోపల ఉంటుంది, దానికి తగిన మాట మాత్రం దొరకదు. ఏళ్ళ తరబడి అలవాటుగా అన్నవి కొన్ని మిగిలిపోతాయి. వాటిని ఆటోమేటిక్ స్పీచ్ అంటాం, పిలవకుండానే నోటికి వచ్చేస్తాయి. కొందరికి దేవుడి పేరు మిగులుతుంది, కొందరికి బూతులు. ఈయనకు వేలంపాట మిగిలింది. అయితే ఆ మూడు మాటలతో వేలం నడవదు. ఎవరి సరుకో, ఏం ధరో, ఎవరు పాడారో కూడా చెప్పాలి కదా.

"అల్లం తవ్వుడు షురువైనంక గూడ మాట రాకుంటే ఇంకొకన్ని పెట్టుకుంట అన్నడు ఈయన పన్జేసే దుకాణం సేటు," అంది అంజమ్మ. ఆ మాటకు బస్వరాజు గారు తల దించుకున్నారు.

బొమ్మల కార్డులతో మొదలుపెట్టాను. ఆవు బొమ్మ చూపిస్తే ఆయన పెదవులు కదిలేలోపే అంజమ్మ "ఆవు" అనేది. ఆమెను ఆపితే సంగన్న అనేవాడు. ఇద్దర్నీ కసిరి కూర్చోబెడితే నేనే అనేసేదాన్ని. ఆ గదిలో ఆయనకు తప్ప అందరికీ మాటలు బాగా వచ్చేశాయి.

పిల్లలకు టర్న్ టేకింగ్, అంటే ఒకరి తర్వాత ఒకరు అనే పద్ధతి, నేర్పడానికి నా ట్యాబ్‌లో ఒక కార్టూన్ ఆట ఉండేది. కొండకు ఇటు రెండు కప్పలు, అటు రెండు కప్పలు. తలకు ఇనప టోపీలు, ముందు ఫిరంగులు. ఒకరు పేల్చాకే ఇంకొకరు పేల్చాలి. గాలి ఎటు వీస్తోందో బాణం గుర్తు చూపిస్తుంది. దాన్నిబట్టి ఫిరంగి ఎంత ఎత్తాలో, గుండు ఎంత బలంగా వదలాలో చూసుకోవాలి. దెబ్బ తగిలిన కప్ప కింద నీళ్ళలో పడి చచ్చిపోతుంది.

"కప్ప నీళ్ళల్ల పడి సచ్చుడేంది మేడం?" అన్నాడు సంగన్న.

"నన్నడిగితే? నేనేమన్నా తయారుచేశానా?" అన్నాను.

బావనీ బామ్మర్దినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. షరతు ఒక్కటే, పేల్చే ముందు "నా వంతు" అనాలి. పిల్లల ఆట నాకా అన్నట్టు బస్వరాజు గారు మొహం తిప్పుకున్నారు. సంగన్న మొదటి దెబ్బకే ఆయన కప్పను నీళ్ళలోకి తోశాడు. అంతే, ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

ఎడమ చేత్తోనే చక్కగా గురి పెట్టేవారు. గాలి సంగతి ఇట్టే పట్టేశారు. మాట దగ్గరే చిక్కు. "నా... నా... ఒకటోసారి!" అని బల్ల గుద్దేవారు. "వంతు, వం...తు" అని నేను నోరు సాగదీసి చూపించేదాన్ని. వారాలు గడిచాయి. వానలు వెనకబట్టాయి. సేటు అప్పుడే ఇంకొకర్ని పిలిపించి గొంతు విన్నాడని కబురొచ్చింది.

ఒకనాడు ఇద్దరికీ ఒక్కొక్క కప్పే మిగిలింది. ఎదురుగాలి. బస్వరాజు గారు ఫిరంగిని కొంచెం ఎత్తి, కొంచెం దించి, ఆలోచిస్తున్నారు. సంగన్నకు ఓపిక అయిపోయింది. "గింత సేపా బావా? నేనే ఏస్త తియ్," అని వేలు పెట్టి నొక్కేశాడు. గుండు నిటారుగా లేచి, గాలికి వెనక్కొచ్చి, బస్వరాజు గారి కప్ప నెత్తి మీదే పడింది. కప్ప బుడుంగున మునిగింది.

"ఆగు! నా బారీ అది! నా బారీ రా గాడిద్కొడుకా!"

ఇక్కడ వంతును బారీ అంటారు. గోలీలాట నుంచి రేషన్ షాపు దాకా అందరి నోటా అదే మాట. జన్మలో ఆయన అనని "వంతు"ను నేను వారాల తరబడి ఆయన గొంతులోకి తోస్తున్నానన్నమాట!

అంజమ్మ ఏడుస్తూ నవ్వింది. సంగన్న కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. "తిట్టిండు! మేడం, మా బావ నన్ను తిట్టిండు! మల్లొక్కసారి తిట్టు బావా!"

బస్వరాజు గారు మళ్ళీ తిట్టారు, ఈసారి ఇంకా స్పష్టంగా. ఆ సాయంత్రం సంగన్న బస్టాండు దగ్గర ఆటోవాళ్ళందరికీ ఆ తిట్టు వినిపించి, చాయ్ కూడా తాగించాడట.

అప్పటి నుంచి క్లినిక్‌లోనూ, వాళ్ళింట్లోనూ ఒకటే చట్టం. ఆయన బారీలో ఎవరూ నోరు పెట్టకూడదు. ఆటలోంచే గాలి, ఎక్కువ, జర తక్కువ, సచ్చింది అన్న మాటలు వచ్చాయి. ఆ తర్వాత ఉప్పు, కూర, భార్య పేరు. పేరు పెట్టి పిలిచాడని అంజమ్మ సిగ్గుపడి, నాకు చెప్పడానికే ప్రత్యేకంగా వచ్చింది.

అల్లం తవ్వకాలు మొదలయ్యాక నేనూ మార్కెట్‌కు వెళ్ళాను. అల్లం కొనడానికని మా ఆయనకు చెప్పాను. సేటు ఆ ఒక్క రోజు చూస్తానన్నాడట. బస్తాల మధ్య నిలబడిన బస్వరాజు గారు ఊరి పేరు చెప్పి, రైతు పేరు దగ్గర ఆగిపోయారు. "రాయికోడ్... రాయికోడ్..." సేటు ముఖం చిట్లించాడు. కొనేవాళ్ళలో ఒకాయన "అరే, నేను చెప్త..." అంటూ ముందుకొచ్చాడు. బస్తా మీది పేరు నాకూ కనిపిస్తోంది, నోటిదాకా వచ్చేసింది. అంజమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బస్వరాజు గారు ఎడమ చెయ్యి ఎత్తారు. "ఆగన్నా. నా బారీ."

అందరూ ఆగారు. ఆయన తీరిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "రాయికోడ్... నర్సింలు సరుకు!"

ఇక పాట సాగింది. చివర్లో "ఒకటోసారి... రెండోసారి..." అన్నారు. ఆ మాటలు ఇన్నాళ్ళూ వాటంతట అవే వచ్చేవి, ఇప్పుడు ఆయన పిలిస్తే వచ్చాయి. "మూడోసారి!" అనేసరికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సేటు ఇంకో మనిషిని వెతకడం మానేశాడు.

పేషెంటు తడబడుతుంటే మాట అందించాలని ఇప్పటికీ నాకు నాలుక దురద పెడుతుంది. అప్పుడు నోరు మూసుకుని లోపల్లోపల వేలం వేసుకుంటాను. ఒకటోసారి, రెండోసారి... మూడోసారి అనేలోపే చాలామంది మాట మొదలుపెడతారు.